సాక్షికీ రాసినవారికీ సంబంధం

మా ఆఫీసులో ప్రతి మాటకూ ఒక సాక్షి ఉండాలి. ఇంగ్లీషు మాటలకు మన భాషలో అర్థాలు రాసి నిఘంటువు వేసే ఆఫీసు అది. లావుపాటి పుస్తకాలు ముందేసుకుని అందులోంచి ఇందులోకి ఎక్కించేస్తామని బయటివాళ్ళు అనుకుంటారు. కాదు. పుస్తకంలో ఉన్నంత మాత్రాన మాట బతికున్నట్టు కాదని మా పెద్దాయన పట్టుదల. పెద్దాయన అంటే నేను చేరిన నాటి ప్రధాన సంపాదకుడు. వడ్రంగం మాటైతే వడ్రంగి నోట వినాలి, పడవ మాటైతే పడవ నడిపేవాడి నోట వినాలి. విన్నదాన్ని అరచేతి వెడల్పు కార్డు మీద రాయాలి. పైన ఇంగ్లీషు మాట, దాని కింద అర్థాలు, ఆ కింద పర్యాయపదాలు, అట్టడుగున సాక్షి పేరు, వృత్తి. ఆ పక్కనే ఒక గడి ఉంటుంది: 'సాక్షికీ రాసినవారికీ సంబంధం'. అందులో అందరం 'ఏమీ లేదు' అని రాస్తాం.

అలా రాయాల్సిందే. నాకంటే ముందు ఒకాయన వడ్రంగం మాటలన్నీ తన బావమరిది దగ్గర రాసుకొచ్చాడు. ఆ బావమరిది జన్మలో ఉలి పట్టి ఎరగడు. బావగారు అడిగినప్పుడల్లా నోటికొచ్చిన మాట అల్లి చెప్పేశాడు. పుస్తకం అచ్చయ్యాక వడ్రంగులు చదువుకుని పొట్ట పట్టుకుని నవ్వారట. అప్పటినుంచి రాసేవాళ్ళ చుట్టాల సాక్ష్యం చెల్లదని పెద్దాయన నియమం పెట్టాడు. కాగితాల్లో దానికేదో పెద్ద పేరుంది గాని, ఆఫీసులో అందరం బావమరిది నియమం అనే అంటాం. దానికొక తోక కూడా ఉంది. చుట్టం చెప్పిన మాటనే బయటివాళ్ళెవరైనా, మనం అందించకుండా తమంతట తాము అంటే, ఆ మాట నిలుస్తుంది. ఈ తోక సంగతి నాకు మొదటి రోజునుంచీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు తెలియనట్టు నటించాను.

నేను చేరిన ఏడాది నాకు ఇంగ్లీషు మొదటి అక్షరం అప్పగించారు. 'ఆక్రోబాట్' దగ్గర బండి ఆగింది. 'గారడీవాడు' అని రాసి పట్టుకెళ్తే పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"గారడీవాడు రుమాల్లోంచి పావురాన్ని తీస్తాడయ్యా. వీడు పిల్లిమొగ్గలేస్తాడు. ఇద్దరూ ఒకటెలా అవుతారు?"

'విన్యాసకుడు' అని మార్చాను. "ఇది ఎవరి నోట విన్నావు?" అన్నాడు. ఎవరి నోటా వినలేదు.

"మిల్లు వెనక మైదానంలో సర్కసు దిగిందిగా. వెళ్ళి ఎవరినైనా పట్టుకురా" అన్నాడు.

ఆ సర్కసులో మొగ్గలేసేది మా అక్క.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నాన్న మంచాన పడ్డాక పదిహేనో ఏట ఆ డేరాలో చేరింది. నా బడి, నా కాలేజీ, నా కళ్ళద్దాలు, ఉద్యోగంలో చేరిన రోజు తొడుక్కున్న చొక్కా, అన్నీ అక్క ఒళ్ళు వంచి తెచ్చినవే. ఆఫీసులో అందరూ పంతుళ్ళ పిల్లలూ ప్లీడర్ల పిల్లలూ. వాళ్ళ మధ్య నోరు పెగలక, మా అక్క బట్టలు కుడుతుందని చెప్పాను. తన సర్కసు బట్టలు తనే కుట్టుకునేది కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ డేరాలో ఇరవైమంది ఉన్నారు. అక్కనే ఎందుకు పిలవాలని మీరు అడగొచ్చు. వాళ్ళలో ఎవరిని తీసుకెళ్ళినా ఆఫీసు గుమ్మంలోనే "ఏరా తమ్ముడూ, ఇదేనా నీ ఆఫీసు" అనేవాళ్ళు. నా అబద్ధాన్ని నిలబెట్టగలిగే మనిషి అక్కడ మా అక్క ఒక్కతే.

నేను వెళ్ళేసరికి అక్క డేరా వెనక పెట్టె మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటోంది. సంగతి చెప్పి నీళ్ళు నమిలాను.

"రేపు ఆఫీసుకి రావాలక్కా. కాకపోతే..."

"కాకపోతే ఏంట్రా?"

"చుట్టాల సాక్ష్యం చెల్లదు. అదో నియమం. నువ్వెవరో నేనెవరో అన్నట్టుండాలి."

అక్క గుడ్డ ముడి బిగించింది. "తెలిస్తే మాటలు కొట్టేస్తారా?"

"కొట్టేస్తారు."

"అయితే అలాగే ఉందాంలే. మంచి నియమమే. లేకపోతే ఎవడి అక్క ఏం చెబితే అది అచ్చేసుకుంటారు" అని నవ్వింది.

మర్నాడు వచ్చింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది, జుట్టు బిగించి ముడేసుకుంది. కుర్చీ అంచున కూర్చుని నన్ను "మీరు" అంది. పెద్దాయన ఎదురుగా కూర్చుని అడుగుతున్నాడు, నేను రాస్తున్నాను.

"మమ్మల్ని గారడీవాళ్ళనకండి" అంది మొదటే. "గారడీ అంటే కళ్ళు కప్పడం. మేం ఎవరి కళ్ళూ కప్పం. మీరు చూస్తుండగానే చేస్తాం. నన్ను మొగ్గలమనిషంటారు. తాడు మీద నడిచేది తాడుమనిషి. ఊయల పట్టుకుని ఎగిరేది ఊయలమనిషి."

"అన్నీ ఒకే మాటకి పర్యాయపదాలన్నమాట" అన్నాడు పెద్దాయన.

"అలా రాశారంటే మా డేరాలో జుట్లు పట్టుకుంటారండీ. తాడుమనిషి మొగ్గలెయ్యదు, మొగ్గలమనిషి తాడెక్కదు. ఎవరి పని వాళ్ళది."

పెద్దాయన పడీపడీ నవ్వి, ఒక్కొక్కదానికి ఒక్కో కార్డు రాయమన్నాడు. ముందుమొగ్గ, వెనకమొగ్గ, బండిచక్రం, చేతినడక, వంతెన, గాలిమొగ్గ. రెండు గంటల్లో నలభై ఒక్క మాటలు చెప్పింది. వంతెన అంటే ఏమిటో నోటితో చెబితే అర్థం కాలేదని, కుర్చీ పక్కకు జరిపి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కార్డుల బీరువాల మధ్య వెనక్కి వంగి అరచేతులు నేల మీద ఆనించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుని రాస్తున్నట్టు కూర్చున్నాను.

చివరికి పెద్దాయన ఇంగ్లీషు నిఘంటువు తీసి, ఈ మాటకు రెండో అర్థం కూడా ఉందమ్మా, అవసరాన్ని బట్టి మాట తిప్పేసేవాణ్ణి కూడా ఇలాగే అంటారు అన్నాడు.

"ఎందుకండీ అలా?" అక్క నిజంగానే చిన్నబుచ్చుకుంది. "మేం గాల్లో ఎన్ని చుట్లు తిరిగినా, ఎక్కడ దిగుతామన్నామో అక్కడే దిగుతాం."

ఆ రెండో అర్థానికి సాక్షిని ఎక్కడ వెతకాలా అన్నాడు పెద్దాయన. వెతకక్కర్లేదు, బల్లకు ఇటువైపే కూర్చున్నాను.

టీ తాగుతూ ఆయన అడిగాడు, "మీకెవరైనా ఉన్నారా అమ్మా?"

"ఒక తమ్ముడున్నాడండీ. బాగా చదువుకున్నాడు. దూరంగా ఉంటాడు" అంది, నావైపు చూడకుండా.

నా చేతిలో కలం ఆగలేదు. 'సంబంధం' గడిలో 'ఏమీ లేదు' అని గుండ్రంగా రాసి, సిరా ఆరడానికి ఊదాను కూడా.

అక్క నమస్కారం పెట్టి వెళ్ళింది. కార్డులు అతికించే మా జిగురాయన తలుపువైపు చూసి, "ఒళ్ళు ఎటుపడితే అటు వంచేవాళ్ళకి ఇల్లూ వాకిలీ ఉంటాయంటారా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. ఊరుకుంటే సరిపోయేది. నన్నెవరూ నవ్వమని అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ నవ్వు నా గొంతుకు అడ్డం పడే ఉంది.

ఆ తర్వాత అబద్ధం తనంతట తానే పెరిగింది. అక్క వస్తుంది కాబట్టి నా పెళ్ళికి ఆఫీసువాళ్ళని పిలవలేదు. ఆఫీసువాళ్ళెవరైనా ఇంటికొస్తామంటే అక్క రాని రోజు చూసి రమ్మనేవాణ్ణి. కొన్నాళ్ళకు అక్క గాల్లోంచి దిగుతూ ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. అది సరిగ్గా అతుక్కోలేదు. సర్కసు మానేసి, ఒక పాత గోదాములో ఆడపిల్లలకు మొగ్గలు నేర్పడం మొదలుపెట్టింది. నేను అక్క గదికి వెళ్ళేవాణ్ణి, పళ్ళు పట్టుకెళ్ళేవాణ్ణి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. గోదాముకు మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు. రమ్మని అక్క కూడా అడగలేదు.

ఇక నెల రోజుల్లో నాకు రిటైర్మెంటు. నిఘంటువు కొత్త ముద్రణ వస్తోంది. ఇప్పటి ఎడిటరమ్మ వయసులో నాకంటే చిన్నదే గాని ముక్కుసూటి మనిషి. ఈసారి పుస్తకం చివర సాక్షులందరి పేర్లూ వెయ్యాలనీ, బతికున్నవాళ్ళని మళ్ళీ కలిసి కార్డు మీద సంతకం చేయించాలనీ పట్టుబట్టింది. సోమవారం పొద్దున్న ఒక కట్ట నా బల్ల మీద పెట్టింది. పైకార్డు 'ఆక్రోబాట్'.

"మీ దస్తూరీయే కదండీ ఇది? ఈవిడ ఎక్కడుంటారో తెలుసా?"

"తెలుసు" అన్నాను.

"అయితే మీరే వెళ్ళి సంతకం తీసుకురండి. శుక్రవారం అచ్చుకి పంపాలి. ఎంత బాగా చెప్పారో ఈవిడ. మొత్తం పుస్తకంలో నాకు నచ్చిన పేజీ ఇదే."

అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే నలభై ఒక్క మాటలకూ ఎర్రగీత పడుతుంది. చెప్పకపోతే మా అక్క తన చేత్తో 'ఏమీ లేదు' కింద సంతకం పెడుతుంది, అది అచ్చయి కూర్చుంటుంది. సోమవారమంతా బల్ల ముందు కూర్చున్నాను. మంగళవారం మధ్యాహ్నం కట్ట చంకలో పెట్టుకుని గోదాముకు బయల్దేరాను. ఏం చెయ్యాలో మెట్లెక్కేటప్పటికీ తేలలేదు.

లోపల పొడుగాటి హాలు. నేలంతా పరుపులు, పైన రేకుల సందుల్లోంచి ఎండ. పది పన్నెండుమంది ఆడపిల్లలు వరసగా మొగ్గలేస్తున్నారు. అక్క స్టూలు మీద కూర్చుని, "మెడ లోపలికి, మెడ లోపలికి" అంటోంది. నన్ను చూసింది. నా చంకలో కట్ట చూసింది. లేచి నిలబడింది.

"పిల్లలూ, నిఘంటువు ఆఫీసు నుంచి సారొచ్చారు. ఒక కుర్చీ వెయ్యండి" అంది. నావైపు తిరిగి, "కూర్చోండి సార్" అంది.

తల తీసేసినట్టయింది నాకు. నేనేమీ అడగలేదు. కనుసైగ కూడా చెయ్యలేదు. ఆఫీసు కార్డులు కనిపించగానే అక్క తన పాత్రలోకి వెళ్ళిపోయింది. ఒక పొడుగమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. ఇంకో పిల్ల నీళ్ళు తెచ్చింది. మా అక్క దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకుంటున్న పిల్లలు నన్నెవరో కొత్తమనిషిలా చూస్తున్నారు. నేను కొత్తమనిషినే.

"మాటల పుస్తకం మళ్ళీ అచ్చవుతోంది. సంతకం కావాలి" అన్నాను.

అక్క కళ్ళద్దాలు పెట్టుకుని పైకార్డు తీసుకుంది. ఆ కార్డు తను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు మేం సంతకం అడగలేదు. పైనుంచి కిందికి మెల్లగా చదివింది. చివరి గడి దగ్గర వేలు ఆగింది. 'ఏమీ లేదు' అన్నది రెండుసార్లు చదివిందని ఆ వేలు చూస్తే తెలిసింది. తర్వాత కలం కోసం చెయ్యి చాపింది.

"ఇక్కడేనాండీ?"

నేను కార్డు మీద నా చెయ్యి పెట్టేశాను.

"వద్దక్కా" అన్నాను.

మొగ్గల చప్పుడు ఆగిపోయింది. పొడుగమ్మాయి నన్నూ అక్కనీ మార్చి మార్చి చూసింది. నేను కలం తీసి 'ఏమీ లేదు' కొట్టేసి, పక్కన 'అక్క' అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి.

"నీకేమైనా మతిపోయిందా? మాటలన్నీ పోతాయి కదరా" అంది అక్క. పిల్లల ముందు 'రా' అనేసినందుకు నాలిక కరుచుకుంది.

"పోవక్కా. ఈ పిల్లలు చెబితే చాలు. చుట్టం చెప్పినవే బయటివాళ్ళు కూడా అంటే నిలుస్తాయి. అదీ నియమంలోనే ఉంది."

"కొత్తగా పెట్టారా?"

అవునంటే సరిపోయేది. ఎడిటరమ్మ పెట్టిందని ఒక్క మాట అంటే అక్కకు నొప్పి ఉండేది కాదు. కాని అబద్ధాలు చెప్పి చెప్పి అలిసిపోయాను.

"కాదు. మొదట్నుంచీ ఉంది. నాకు అప్పుడే తెలుసు. మీ డేరాలోవాళ్ళని ఇంకొకళ్ళని పిలిచి అడిగితే సరిపోయేది. నువ్వు మా అక్కవని తెలియడం నాకిష్టం లేక పిలవలేదు."

అక్క కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"నియమం కోసమే అనుకున్నాన్రా నేను" అంది మెల్లగా. "ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. మాటలు నిలబడటానికి మనిద్దరం కష్టపడుతున్నామనుకున్నాను."

నిజం చెప్పేస్తే బరువు దిగుతుందని అనుకున్నాను. దిగలేదు. నేను మోస్తున్నదాన్ని తీసి అక్క నెత్తిన పెట్టాను. అక్కకు దాచుకోవడానికి ఒక మంచి కారణం ఉండేది, అదీ లాక్కున్నాను.

"సరే, రాసుకో. నేనుంటే అందిస్తున్నాననుకుంటారు" అని, అక్క గోడ పట్టుకుని నడుస్తూ బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

పిల్లలు ఒక్కొక్కటీ చేసి చూపించారు. "దీన్నేమంటారు?" అని మాత్రమే అడిగాను. ముందుమొగ్గ, వెనకమొగ్గ, బండిచక్రం. మా అక్క మాటలు ఆ పిల్లల నోట తడుముకోకుండా వచ్చాయి. వంతెన వేసిన పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. అదే వంగడం, అదే అరచేతులు. ఈసారి తల ఎత్తి చూశాను. మొగ్గలమనిషి అంటే ఎవరని అడిగితే, "మేమే" అన్నారు అందరూ ఒకేసారి.

నలభై మాటలు వచ్చాయి. నలభై ఒకటో కార్డు దగ్గర ఆగాను. గాలిమొగ్గ వేసే పిల్ల పక్కనే పొడుగమ్మాయి రెండు చేతులూ చాపి నిలబడి ఉంది, తప్పితే పట్టుకోవడానికి.

"అలా నిలబడేవాళ్ళని ఏమంటారు?"

"స్పాటర్ అంటాం సార్."

"ఇంకే మాటా లేదా?"

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "లేదు సార్" అంది పొడుగమ్మాయి.

అందించకూడదు. కార్డులు సర్దుకుని బయటికొచ్చి, అక్క పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"అన్నీ వచ్చాయా?"

"నలభై వచ్చాయి. ఒకటి రాలేదు."

"ఏది?"

"కిందిమనిషి."

అక్క వీధివైపు చూసింది. ఎదురుగా ఒకతను సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాడు.

"అది వాళ్ళకి చెప్పలేదురా" అంది. "అది నేను నిన్ను పిల్చిన మాట. డాబా మీద నేను మొగ్గలు నేర్చుకునేటప్పుడు రెండు చేతులూ చాపి కింద నిలబడేవాడివి. ఏడేళ్ళు నీకు. నేను పడితే ఇద్దరం పోయేవాళ్ళం. అయినా కదిలేవాడివి కాదు. డేరాలో నాకు ఎంతమంది నిలబడ్డా, ఆ మాట ఇంకొకళ్ళకి పెట్టబుద్ధి కాలేదు. పుస్తకంలో మాత్రం ఉంటే బావుంటుందని ఆ రోజు చెప్పాను."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "క్షమించక్కా" అన్నాను. అక్క విననట్టే, వంకర మణికట్టును కుడిచేత్తో నిమురుకుంటోంది.

"ఆ రోజు నేను బయట చెప్పులేసుకుంటున్నాను. లోపల ఎవరో ఏదో అన్నారు. అందరూ నవ్వారు. నీ నవ్వు నాకు తెలీదా ఏంట్రా?" అంది. "అదీ నియమం కోసమే నవ్వాడు పాపం, అనుకుంటూ వెళ్ళిపోయాను."

అక్క నా ఒళ్ళోని కట్టలోంచి నలభై ఒకటో కార్డు తనే వెతికి తీసింది. దాని మీద నా పాత గుండ్రటి అక్షరాలు చూసి, నా చేతిలో పెట్టింది.

"కొట్టెయ్యి మరి. సాక్షి లేని మాట ఉంచకూడదు కదా."

జేబులోంచి ఎర్రకలం తీసి, ఆ మాట మీద అడ్డంగా గీత గీశాను. అక్క చివరిదాకా చూసింది. లోపల పిల్లలు పిలుస్తున్నారని లేవబోయింది. మోకాలు సహకరించలేదు. నేను గబుక్కున ఒక మెట్టు కిందికి దిగి రెండు చేతులూ చాపాను. అక్క పక్కనున్న ఇనపకమ్మీ పట్టుకుని లేచింది.